సైకిల్ గురించి అడిగితే ఏం చెప్పాలి

చిరంజీవి అమ్మలుకు,

పిన్ని ఆశీస్సులు. ఇంగ్లీషు ప్రావీణ్యాన్ని చూసే ఐఈఎల్‌టీఎస్‌లో మాట్లాడే (స్పీకింగ్) పరీక్షకు నువ్వు రాసుకున్న సైకిల్ జవాబులు చదివాను. తప్పులు లేవు, కానీ వాటిలో నువ్వు ఎక్కడా కనిపించలేదు. కాలుష్యం తగ్గుతుంది, ఆరోగ్యానికి మంచిది, డబ్బు ఆదా అవుతుంది. ఈ మాటలు ఆ పరీక్షకులు ఎన్నిసార్లు విని ఉంటారో! బట్టీ పట్టిన జవాబును వాళ్లు ఇట్టే పసిగడతారు. వాళ్లు చూసేది ధారాళత, పదసంపద, వ్యాకరణం, ఉచ్చారణ. ఈ నాలుగింటికీ సమానమైన విలువ. పర్యావరణం మీద నీకున్న పరిజ్ఞానానికి బ్యాండ్, అంటే స్కోరు, ఇవ్వరు.

మొదటి భాగంలో చిన్నప్పుడు సైకిల్ ఉండేదా, బడికి దాని మీదే వెళ్లేదానివా, ఇప్పుడు తొక్కుతున్నావా అని అడుగుతారు. ‘అవును’ అని ఆగిపోకు, ఉపన్యాసమూ వద్దు. రెండు మూడు వాక్యాలు చాలు. క్రియల కాలాల మీద నీకున్న పట్టు చూపించడానికి ఇంతకంటే మంచి ప్రశ్నలు దొరకవు. అప్పటి అలవాటు, ఒక్కసారి జరిగిన సంఘటన, ఇప్పటి అలవాటు మూడింటికీ మూడు క్రియారూపాలు. మనవాళ్లు ఇక్కడే జారతారు. సైకిల్ ‘ఉంది’ అని చెప్పడానికి ‘హావింగ్’ వాడేస్తారు. ఆ అలవాటు నీకూ ఉంది, మానుకో.

చెప్పుకోవడానికి నీ దగ్గర లేనిదేమిటి? తొమ్మిదో తరగతిలో బడికొస్తా పథకం కింద ప్రభుత్వం ఇచ్చిన సైకిల్ ఉంది. దానికి ముందు తాతగారి పెద్ద సైకిల్ సీటు అందక, కడ్డీ కింద నుంచి కాలు దూర్చి తొక్కేదానివి. ఆ ఒక్క సంగతి చెప్పు, ఎదుటి మనిషి తలెత్తి వింటారు.

రెండో భాగంలో మాట్లాడాల్సిన అంశం రాసిన కార్డు ఇచ్చి, ఆలోచించుకోవడానికి ఒక నిమిషం ఇస్తారు. తర్వాత ఒకటి రెండు నిమిషాలు నువ్వే మాట్లాడాలి. నేర్చుకున్న పని గురించి అడిగితే, మీ నాన్న పక్కన కూర్చుని నేర్చుకున్న పంక్చరు పని చెప్పు. ట్యూబు బయటికి తీయడం, గాలి కొట్టి నీళ్ల తొట్టిలో ముంచడం, బుడగలు వచ్చిన చోటు గుర్తుపెట్టుకోవడం, ఆరబెట్టి గరుకు కాగితంతో రుద్దడం, సొల్యూషన్ రాసి ప్యాచ్ అతికించడం. పని వరుసగా సాగుతుంది కాబట్టి మాట తడబడదు. ఆ నిమిషంలో వాక్యాలు రాయకు, ఐదారు పదాలు రాసుకుంటే చాలు.

ఇంకో సంగతి. చైను, బ్రేకు, స్టాండు, ట్యూబు అని మనం తెలుగులోనూ అంటాం కనుక పదాల కోసం వెతుక్కునే పని లేదు. అయితే ఆ చివరి ఉకారాన్ని ఇంగ్లీషులోకి తీసుకెళ్లకు. ‘చైన్’ దగ్గర ఆగిపోవాలి. చక్రాన్ని ‘వీల్’ అన్నప్పుడు పెదవులు గుండ్రంగా చుట్టాలి, పళ్లు కింది పెదవికి తగలకూడదు. అద్దం ముందు అని చూసుకో.

మూడో భాగంలో నగరాల గురించి, ప్రభుత్వం ఏం చేయాలన్న దాని గురించి అడుగుతారు. ప్రశ్న అర్థం కాకపోతే వివరించమని అడుగు, తప్పేమీ కాదు. జవాబులో ఊరి పేరుండాలి. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ తెరిచారు, పైకప్పుగా సౌర ఫలకాలు వేశారు. వ్యాయామం చేసేవారికి చాలా బాగుంది. కానీ సికింద్రాబాద్‌లో ఇంటి నుంచి దుకాణానికి సైకిల్‌పై వెళ్లే మనిషికి అది ఎంతవరకు ఉపయోగం? ఇలా ఒక మంచి, ఒక లోటు, దానికి కారణం చెప్పావంటే జవాబు నిలబడుతుంది. పరీక్షకులు మధ్యలో ఆపేస్తే కంగారుపడకు. మొత్తం 11 నుంచి 14 నిమిషాల్లో ముగించాలి కాబట్టి ఆపుతారు.

ఆదివారం లోపు పంక్చరు జవాబు ఫోనులో రికార్డు చేసి పంపు. కాగితం చూసి చదవకు, నాకు తెలిసిపోతుంది.

ప్రేమతో,
మీ పిన్ని