సైబర్ మోసాల గురించి ఊళ్లో చెప్పబోయే అమ్మాయికి

అమ్మాయికి ఆశీస్సులు.

మీ మండలంలోని డ్వాక్రా సంఘాల సమావేశాలకు వెళ్లి సైబర్ మోసాల గురించీ, చట్టం ఇచ్చే రక్షణ గురించీ స్వచ్ఛందంగా చెప్పబోతున్నావని తెలిసి ఎంతో సంతోషించాను. పారా లీగల్ వాలంటీరుగా, అంటే జనానికి చట్టపరమైన సాయం అందేలా చూసే స్వచ్ఛంద కార్యకర్తగా చాలాకాలం పనిచేసినవాణ్ని కనుక నాకు తెలిసింది రాస్తున్నాను.

మోసపోయిన మనిషి సిగ్గుపడి దాచుకోకుండా వెంటనే చెప్పుకోగలిగేలా చేయడమే నీ అసలు పని. దొంగలు సొమ్మును నిమిషాల్లో ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకు మార్చేసి, చివరికి నగదుగా తీసుకుంటారు. ఆలోగా సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేస్తే ఆ సొమ్మును మధ్యలోనే నిలిపివేయించే అవకాశం ఉంటుంది. భర్త తిడతాడనో, కొడుకు చులకనగా చూస్తాడనో రెండు రోజులు నోరు విప్పని ఇల్లాలికి ఆ అవకాశం దాదాపు చేజారినట్టే. అందుకే "ఓటీపీ ఎందుకు చెప్పావు?" అన్న మాట నీ నోట రాకూడదు. ఎప్పుడు జరిగింది, ఏ బ్యాంకు ఖాతా అని మాత్రమే అడిగి, అక్కడికక్కడే ఆమె చేతే ఫోన్ చేయించు. భయంతో మెసేజ్‌లు చెరిపేయవద్దని, లావాదేవీ నంబరు జాగ్రత్త చేయమని చెప్పు. ఆ తరువాత బ్యాంకుకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇప్పించు.

పింఛనుదారులకు "డిజిటల్ అరెస్టు" గురించి, అంటే పోలీసులమంటూ వీడియో కాల్‌లో బెదిరించి, అరెస్టు చేశామని నమ్మించి డబ్బు గుంజే మోసం గురించి ప్రత్యేకంగా చెప్పాలి. అలాంటి అరెస్టు మన చట్టంలో లేదని ఒక్క ముక్కలో తేల్చేస్తే సరిపోదు. వీడియో కాల్‌లో పోలీసు యూనిఫాం కనిపించగానే ఆ ముక్క గుర్తుకు రాదు. అరెస్టు చేసేటప్పుడు కారణం చెప్పాలని, బంధువులకు తెలియజేయాలని, 24 గంటల్లోగా మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలని వివరంగా చెప్పు. తన హక్కు తెలిసిన మనిషి, ఎవరికీ చెప్పకుండా గదిలోనే కూర్చోమనే గొంతును అనుమానించగలడు. చట్టం, సైబర్ భద్రత వేరువేరు పాఠాలు కావని నేను గట్టిగా నమ్మడానికి ఇదే కారణం.

కాలేజీ కుర్రాళ్లతో విడిగా మాట్లాడు. కమీషన్‌కు ఆశపడి తమ బ్యాంకు ఖాతాను ఇతరులకు వాడుకోనిస్తే, దొంగ సొమ్ము ఆ ఖాతాలోకి వచ్చినప్పుడు కేసు తమ మీదికే వస్తుందని వాళ్లలో చాలామందికి తెలియదు.

ఫోటోలు మార్ఫింగ్ చేసి బెదిరిస్తున్నారని ఎవరైనా ఆడపిల్ల చెబితే, ఆ మాట నలుగురిలో పొక్కనీయకు. 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (నేరాల దర్యాప్తు, విచారణ పద్ధతిని చెప్పే చట్టం) ప్రకారం, నేరం ఎక్కడ జరిగినా ఏ పోలీస్ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు ఇవ్వవచ్చు. ఆదాయంతో నిమిత్తం లేకుండా మహిళలందరికీ ఉచిత న్యాయ సహాయం పొందే హక్కును 1987 నాటి న్యాయ సేవల ప్రాధికార సంస్థల చట్టం ఇచ్చింది. ఈ సంగతి తెలిస్తే ఆ పిల్ల తల్లికి ఎంత ధైర్యం వస్తుందో నేను స్వయంగా చూశాను.

నీ హద్దులు కూడా నీకు తెలిసి ఉండాలి. ఎవరి పిన్నూ అడగవద్దు, ఎవరి ఫోన్‌లోనూ నీ చేత్తో యాప్ ఎక్కించవద్దు. పోయిన డబ్బు తిరిగి వస్తుందని ఎవరికీ మాట ఇవ్వవద్దు. డబ్బు రావడానికి యూపీఐ పిన్ అవసరం లేదన్న విషయాన్ని నీ ఫోన్‌లోనే చూపించు.

మొదటి సమావేశం ముగిసేలోగా 1930తో పాటు న్యాయ సహాయానికి 15100 నంబరును కూడా సంఘం పుస్తకం అట్ట మీద పెద్ద అంకెలతో రాయించు.