అమ్మకు ఏ రంగు పూలు ఇవ్వను?

ప్రశ్న: నాన్నగారు పోయి రెండేళ్లయింది. వచ్చే నెల అమ్మకు 60 నిండుతాయి. ఒకప్పుడు మల్లెపూలు లేకుండా గడప దాటని మనిషి, ఇప్పుడు వీధిలో పూలమ్మి కేక వినిపిస్తే లోపలికి వెళ్లిపోతోంది. ఆ రోజు బొకే ఇవ్వాలని ఉంది. ఎర్రవి తీసుకెళ్తే చుట్టాలు ఏమంటారో, తెల్లవైతే అమ్మ మనసు ఏమవుతుందో అని టెన్షన్. ఏవి తీసుకోమంటారు?
– ఓ పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: తప్పకుండా ఇవ్వమ్మా. పూలు పుట్టింటి నుంచి వచ్చినవి, పెళ్లితో రాలేదు. భర్త పోయాడని వాటిని లాగేసుకోవడం అన్యాయం. అయితే ఆ వాదన పుట్టినరోజు నాడు అమ్మ ముందు పెట్టకు, జడలో పెట్టుకోమని బలవంతం అసలే వద్దు.

మా పిన్నికి ఇలాగే ఒకసారి ఎర్ర గులాబీలు తీసుకెళ్లాను. తీసుకుని, నా వైపు చూడకుండా నేరుగా దేవుడి గూట్లో పెట్టేసింది. మరుసటి ఏడాది పీచ్ రంగు గులాబీలు, లేత గులాబీ రంగు కార్నేషన్లు కలిపి ఇస్తే, ఒక రేకను వేళ్ల మధ్య పట్టుకుని చాలాసేపు అలాగే కూర్చుంది. ఆ బొకే వారం రోజులు భోజనాల బల్ల మీదే ఉంది.

అందుకే నీకూ అవే చెబుతాను. పీచ్ గులాబీలు ఎక్కువ, కార్నేషన్లు కొన్ని, దొరికితే లేత ఊదా రంగు లిసియాంథస్ నాలుగు కాడలు. అన్నీ తెల్లవైతే సంతాపానికి తెచ్చినట్టుంటుంది కాబట్టి తెలుపు కాస్త జిప్సోఫిలాతో (బొకేల్లో మధ్యమధ్య పెట్టే చిన్న తెల్ల పూలు) సరిపెట్టు. రంగు అద్దిన పూలు వద్దు, నీళ్లలో పెడితే ఆ రంగు దిగుతుంది. మెరిసే కవరు, ఎర్ర రిబ్బన్ కడితే లేత రంగులు వెలవెలబోతాయి, మామూలు బ్రౌన్ పేపర్ చుట్టమను.

వీలైతే పొద్దున్నే గుడిమల్కాపూర్ పూల మార్కెట్‌కు వెళ్లు. గులాబీలు సాధారణంగా 20 కాడల కట్టగా వస్తాయి. మొగ్గ అడుగున మెల్లగా నొక్కి చూడు, గట్టిగా ఉంటే తాజాది, మెత్తగా ఉంటే పాతది. ఇంటికి తెచ్చాక కాడల చివరలు ఏటవాలుగా కోసి, నీళ్లలో మునిగే ఆకులు తీసెయ్, రోజూ నీళ్లు మార్చు. పండిన అరటిపళ్లు, మామిడిపళ్ల పక్కన మాత్రం పెట్టకు, వాటి నుంచి వచ్చే ఇథిలీన్ వాయువుకు కార్నేషన్లు త్వరగా వాడిపోతాయి.

చుట్టాలు రాకముందే, అమ్మ కాఫీ తాగుతున్నప్పుడు చేతికివ్వు. మల్లెల కాలమైతే ఆ బొకేతో పాటు ఒక మూర మల్లెపూలు కూడా తెచ్చి, ఏమీ అనకుండా పక్కన పెట్టు. పెట్టుకుంటుందో లేదో అమ్మ ఇష్టం.