వర్గమూలంలో వర్గమూలం: వదిలేయవలసిన అధ్యాయమేనా?

ప్రశ్న: మా అబ్బాయి బీఏ పూర్తి చేశాడు. పదో తరగతి తర్వాత లెక్కల జోలికి పోలేదు. ఇప్పుడు విశాఖ ద్వారకానగర్‌లో కోచింగ్ తీసుకుంటూ ఎస్‌ఎస్‌సీ సీజీఎల్‌కు (కేంద్ర ప్రభుత్వ శాఖల్లో డిగ్రీ స్థాయి ఉద్యోగాల పరీక్ష), రైల్వే ఎన్‌టీపీసీకి (రైల్వేలో క్లర్కు, స్టేషన్ మాస్టర్ వంటి ఉద్యోగాల పరీక్ష) సిద్ధమవుతున్నాడు. వర్గమూలం లోపల మళ్లీ వర్గమూలం ఉండే లెక్క కనబడితే చేతులెత్తేస్తున్నాడు. షార్ట్‌కట్లన్నీ బట్టీ పట్టినా మాక్ టెస్టుల్లో తప్పులే వస్తున్నాయి. ఆ అధ్యాయం వదిలేయమని చెప్పమంటారా, లేక లెక్కలు లేని ఉద్యోగాల వైపు మళ్లించమంటారా?
– ఒక తండ్రి, గాజువాక

సమాధానం: ఆ రెండింటిలో ఏదీ అవసరం లేదు. లెక్కలు లేని పరీక్షల కోసం వెతకడం మొదలుపెడితే, అంకగణితం అడగని నోటిఫికేషన్లు ఎంత తక్కువో కొద్ది రోజుల్లోనే మీకు తెలిసిపోతుంది. ఇక అధ్యాయం వదిలేయడం సంగతి. ప్రస్తుత విధానం ప్రకారం సీజీఎల్ మొదటి అంచెలో 60 నిమిషాలకు 100 ప్రశ్నలుంటాయి, వాటిలో 25 లెక్కలు. సరైన జవాబుకు 2 మార్కులు, తప్పుకు 0.50 కోత. రెండో అంచెలో 30 లెక్కలకు ఒక్కోదానికి 3 మార్కులు, తప్పుకు 1 మార్కు కోత. ఇన్ని ప్రశ్నల్లో ఈ రకం లెక్క నేరుగా వస్తే ఒకటి రావచ్చు, ఒక్కోసారి అదీ రాకపోవచ్చు కాబట్టి వదిలేస్తే పోయేదేముందని అనిపించడం సహజమే. అయితే హారంలోని కరణిని, అంటే √3 లాంటి తెగని మూలాన్ని, తొలగించడం, బీజగణితంలో ఒక సంఖ్యనూ దాని వ్యుత్క్రమాన్నీ కలిపే లెక్కలు, త్రికోణమితిలో 15 డిగ్రీల విలువలు, ఇవన్నీ ఇదే పునాది మీద నిలబడినవి. దీన్ని వదిలితే వాటిలోనూ తడబాటు తప్పదు.

మీ ఉత్తరం చదివితే అసలు చిక్కు బట్టీ పట్టడంలోనే ఉన్నదనిపిస్తోంది. నా దగ్గరికి వచ్చే అభ్యర్థుల సంచుల్లో షార్ట్‌కట్ల జిరాక్సు కట్టలు తరచూ చూస్తుంటాను. ఏ షార్ట్‌కట్ ఎందుకు పనిచేస్తుందో అడిగితే చెప్పగలిగినవారు మాత్రం అరుదు. ఒక వారం పాటు ఆ కట్టను పక్కన పెట్టమనండి. ఈ అధ్యాయానికి కావలసింది బడిలో నేర్చుకున్న ఒకే ఒక సూత్రం, అంటే రెండు పదాల మొత్తాన్ని వర్గం చేసే సూత్రం. √5 + √3 ను వర్గం చేస్తే 5 + 3 + 2√15, అంటే 8 + 2√15 వస్తుంది. పరీక్షలో దీన్ని తిరగేసి √(8 + 2√15) ఎంత అని అడుగుతారు. కూడితే 8, గుణిస్తే 15 అయ్యే రెండు సంఖ్యలు ఏవి అని ఆలోచిస్తే 5, 3 వెంటనే తడతాయి. పదో తరగతిలో వర్గ సమీకరణాన్ని కారణాంకాలుగా విడగొట్టినప్పుడు అతడు చేసిన పనే ఇది.

ఎక్కువమంది జారిపడేది ఆ 2 దగ్గర. √(7 + 4√3) లో లోపలి మూలం ముందు 2 లేదు, 4 ఉంది. ముందుగా 4√3 ను 2√12 గా మార్చి, ఆ తర్వాతే కూడితే 7, గుణిస్తే 12 అయ్యే సంఖ్యలను వెతకాలి. అవి 4, 3 కాబట్టి జవాబు 2 + √3. మార్చకుండా 7, 3 తోనే కుస్తీ పడితే ఎంతసేపటికీ ఏమీ తేలదు. √(3 + √5) లో అసలు 2 కనబడనే కనబడదు. అప్పుడు లోపలి మొత్తాన్ని 2 తో గుణించి, 2 తోనే భాగించి √((6 + 2√5)/2) అని రాసుకుంటే, 5, 1 దొరికి జవాబు (√5 + 1)/√2 అవుతుంది.

రెండో గొయ్యి ఋణ గుర్తు. √(9 + 4√5) − √(9 − 4√5) విలువ అడిగారనుకుందాం. మొదటిది 2 + √5. రెండోదాన్ని అలవాటు కొద్దీ 2 − √5 అని రాసేవారికి జవాబు 2√5 వస్తుంది, అది ఆప్షన్లలో సిద్ధంగా ఉండే అవకాశమూ ఎక్కువే. √5 విలువ సుమారు 2.236 కాబట్టి 2 − √5 ఋణ సంఖ్య. వర్గమూలం గుర్తు మాత్రం ధన విలువనే సూచిస్తుంది. అందువల్ల రెండోది √5 − 2, అసలు జవాబు 4. ఇదే లెక్కను విడగొట్టకుండానే చేయవచ్చు: మొత్తం వ్యత్యాసాన్ని వర్గం చేస్తే 18 − 2√(81 − 80), అంటే 16, వ్యత్యాసం ధనమే కనుక జవాబు 4. నాకు ఈ రెండో దారే ఇష్టం, ఎందుకంటే ఇందులో గుర్తు తారుమారయ్యే చోటు ఉండదు.

ప్రతి లెక్కా ఇలా విడిపోదన్న సంగతి కూడా అతడికి తెలియాలి. మూలం లేని సంఖ్య వర్గంలోంచి మూలం ఉన్న పదం వర్గాన్ని తీసివేస్తే సంపూర్ణ వర్గం రావాలి. 7 + 4√3 లో 49 నుంచి 48 తీస్తే 1 వచ్చింది, విడిపోయింది. √(5 + √3) లో 25 నుంచి 3 తీస్తే 22 మిగులుతుంది. అది సంపూర్ణ వర్గం కాదు కాబట్టి ఈ పద్ధతిలో దాని మీద కూర్చోవడం వృథా. అక్కడ √2 కు 1.414, √3 కు 1.732, √5 కు 2.236 అన్న విలువలతో ఉజ్జాయింపు వేసి ఆప్షన్లను తొలగించాలి, అదీ కుదరకపోతే ముందుకు సాగాలి. మొదటి అంచెలో ప్రశ్నకు సగటున దొరికేది 36 సెకన్లే.

తెలుగు మాధ్యమంలో చదివి ఉంటే మరో మాట. ఎన్‌టీపీసీ ప్రశ్నపత్రాన్ని తెలుగులో ఎంచుకోవచ్చు గానీ, సీజీఎల్ ప్రశ్నలు ఇంగ్లీషు, హిందీల్లోనే ఉంటాయి. బడిలో కరణులని నేర్చుకున్నవి అక్కడ సర్డ్స్, సంయుగ్మం (2 + √3 కు 2 − √3 లాంటి జంట) అక్కడ కాంజుగేట్. లెక్క వచ్చి కూడా మాట తెలియక వదిలేసినవారిని చూశాను.

సాధన విషయానికొస్తే, గాజువాక నుంచి ద్వారకానగర్‌కు బస్సులో వెళ్లే సమయం దీనికి చక్కగా సరిపోతుంది. మొత్తం 11, లబ్ధం 18. మొత్తం 12, లబ్ధం 35. ఇలా జంటలను కాగితం లేకుండా నోటితోనే వెతుక్కోమనండి. ఇంటికి వచ్చాక రోజుకు పది లెక్కలు అడుగడుగూ రాస్తూ చేస్తే చాలు. పది రోజుల తర్వాత గత మూడు నాలుగు మాక్ టెస్టులను ముందు పెట్టుకుని, తప్పయిన ప్రతి లెక్క పక్కన ఏ అడుగులో జారిందో, 2 దగ్గరా, గుర్తు దగ్గరా, హారం దగ్గరా అని అతడి చేతనే రాయించండి. హారం దగ్గర జారినవే ఎక్కువగా తేలితే, ఈ అధ్యాయాన్ని కొన్నాళ్లు ఆపి, తొమ్మిదో తరగతి పుస్తకంలో హారాన్ని అకరణీయం చేసే, అంటే హారంలో మూలం లేకుండా చేసే, అభ్యాసంతో మళ్లీ మొదలుపెట్టాలి.