ఏటీసీ ఉద్యోగం: మా అమ్మాయి ఒత్తిడి తట్టుకోగలదా?

ప్రశ్న: మా అమ్మాయి గణితం, భౌతికశాస్త్రంతో బీఎస్సీ చివరి సంవత్సరం చదువుతోంది. ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్ అవుతానంటోంది. ఒకేసారి అన్ని విమానాలను చూసుకోవాలంటే భరించగలదా అని మా భయం. – ఒక తండ్రి, హనుమకొండ

జవాబు: అన్ని విమానాల భారమూ ఒక్కరి మీదే పడుతుందన్న ఊహ నుంచి మీ భయం పుట్టింది కనుక, ముందు ఆ సంగతి చెబుతాను. శంషాబాద్‌కు వచ్చే విమానం దూరాన ఉన్నంతవరకు ఏరియా కంట్రోలర్ అధీనంలో ఉంటుంది. దగ్గరపడ్డాక అప్రోచ్‌కు, రన్‌వేకు ఎదురుగా వరుసలోకి వచ్చాక టవర్‌కు, దిగి పక్కకు మళ్లాక గ్రౌండ్ కంట్రోలర్‌కు అప్పగిస్తారు.

వీటిలో ఎక్కువ నేర్పు కోరేది అప్రోచ్ అని నా అభిప్రాయం. వేర్వేరు దిక్కుల నుంచి, వేర్వేరు వేగాలతో వచ్చే విమానాలను, ఒకదాని వేగం తగ్గించి, మరొకదాన్ని కాస్త చుట్టు తిప్పి, గాలి వాటాన్ని బట్టి ఎంచుకున్న రన్‌వేకు పూసలు గుచ్చినట్టు వరుస చేయాలి. రెండు విమానాల మధ్య ఎత్తులో 1000 అడుగుల తేడా గానీ, అది లేనప్పుడు రాడార్ తెరపై సాధారణంగా 3 నుంచి 5 నాటికల్ మైళ్ల (నాటికల్ మైలు అంటే దాదాపు 1.85 కిలోమీటర్లు) ఎడం గానీ ఉండాలి. భారీ విమానం రెక్కల కొసల నుంచి లేచే సుడిగాలి వెనుక వచ్చేవాటిని కుదిపేస్తుంది కాబట్టి, బోయింగ్ 777 వెనుక ఎయిర్‌బస్ ఏ320 దిగుతుంటే 5 నాటికల్ మైళ్లు వదులుతారు. ఇచ్చిన ప్రతి ముఖ్యమైన ఆదేశాన్నీ పైలట్ తిరిగి చెప్పాలి; అందులో ఒక్క అంకె మారినా కంట్రోలర్ అక్కడికక్కడే పట్టుకోవాలి.

అందుకే మీ అమ్మాయికి విమానాలంటే ఎంత ఇష్టమో నేను అడగను. నాలుగు పనులు ఒకేసారి మీద పడినప్పుడు గొంతు పెంచకుండా, ఏది ముందో తేల్చుకోగలదా అన్నది ఇంట్లో రోజూ చూస్తున్న మీకే బాగా తెలుస్తుంది. రాత్రి షిఫ్టులు, దూర ప్రాంతాల పోస్టింగులు తప్పవు. వాటి గురించి ఆమెతో ఇప్పుడే మనసు విప్పి మాట్లాడండి, కానీ ఆడపిల్ల అన్న ఒక్క కారణంతో మాత్రం వెనక్కి లాగకండి.

ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ ఆఫ్ ఇండియా జూనియర్ ఎగ్జిక్యూటివ్ (ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్) పోస్టులకు ఆమె చదువు సరిపోతుంది. సాధారణ వయోపరిమితి 27 ఏళ్లు. రాతపరీక్షతో పాటు స్వర పరీక్ష కూడా ఉంటుంది కనుక, ఇంగ్లిష్‌లో అంకెలు, సూచనలు విని తడబడకుండా తిరిగి చెప్పే సాధన రోజూ అరగంట చేయించండి.