తమ్ముణ్ణి లాకప్‌లో పెట్టారు... ఆసుపత్రికి తీసుకెళ్లరా?

ప్రశ్న: మాది నల్లగొండ జిల్లా. మా తమ్ముడు కొన్నేళ్లుగా మానసిక జబ్బుకు మందులు వాడుతున్నాడు. ఈమధ్య మాత్రలు మానేసి, ఓ రాత్రి సామాన్లు పగలగొట్టి కూరగాయల కత్తి పట్టుకున్నాడు. పక్కింటివాళ్లు 100కి ఫోన్ చేస్తే పోలీసులొచ్చి తీసుకెళ్లి, తెల్లారేదాకా లాకప్‌లో ఉంచారు. ఆసుపత్రికి తీసుకెళ్లమంటే ‘ముందు ఫిర్యాదు రాసివ్వండి, అయినా హైదరాబాద్‌లోని ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రి దాకా మేం పోలేం’ అన్నారు. మళ్లీ ఇలా జరిగితే ఏం చేయాలి?
– ఒక సోదరి

జవాబు: అమ్మా, వాళ్లు మీ తమ్ముణ్ణి తీసుకెళ్లడంలో తప్పులేదు. లాకప్‌లో పెట్టడమే తప్పు. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం–2017లోని 100వ సెక్షన్ ప్రకారం, జబ్బు వల్ల తనకో ఇతరులకో ప్రమాదం తెచ్చేలా ఉన్న మనిషిని స్టేషన్ అధికారి తన రక్షణలోకి తీసుకోవాలి. అది అరెస్టు కాదు. అలా తీసుకున్న మనిషిని ఎట్టి పరిస్థితుల్లోనూ లాకప్‌లో ఉంచకూడదు. వీలైనంత త్వరగా, ఆలస్యమైనా 24 గంటలు దాటకుండా, దగ్గర్లోని ప్రభుత్వ ఆసుపత్రిలో డాక్టరుకు చూపించాలి. ఆ ఆసుపత్రి ఎర్రగడ్డే కానక్కర్లేదు. అధికారికి ప్రమాదం ఉందని నమ్మకం కలిగితే చాలు, మీ ఫిర్యాదు కాగితం కోసం ఆగనక్కర్లేదు. చేర్చుకోవాల్సినంత జబ్బు లేదని డాక్టరు చెబితే, ఇంటి దగ్గర దింపే బాధ్యతా పోలీసులదే.

పోలీసులతోపాటు డాక్టరు కూడా ఇంటికి రావాలని మాత్రం చట్టంలో లేదు. ఉండాల్సింది, కానీ లేదు. అందుకే 100కి గానీ 112కి గానీ చేసినప్పుడే 108కి కూడా చేయండి. మానసిక జబ్బు అని అంబులెన్సు రానంటే కుదరదు. మిగతా రోగులకున్న హక్కే వీళ్లకూ ఉంది. ఫోన్‌లో ‘గొడవ చేస్తున్నాడు’ అంటే లాఠీతో వస్తారు. ‘మానసిక జబ్బుంది, మాత్రలు మానేశాడు, చేతిలో కత్తి ఉంది, ఆసుపత్రికి తీసుకెళ్లాలి’ అని చెప్పండి. మందుల చీటీ, ఓపీ పుస్తకం అధికారి చేతికివ్వండి. పరిస్థితి అంతదాకా రాకముందే, మాత్రలు మానేశాడని తెలిసిన రోజునే, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయొచ్చు. ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు.

ఇంకో పని ఉంది. తమ్ముడు నెమ్మదిగా ఉన్న రోజున, మిమ్మల్ని తన నామినేటెడ్ ప్రతినిధిగా, అంటే వైద్యం విషయంలో తన తరఫున నిలబడే మనిషిగా, నియమిస్తున్నట్టు తెల్లకాగితం మీద రాయించి సంతకం చేయించండి. వేలిముద్రైనా చెల్లుతుంది. అతను ఒప్పుకునే స్థితిలో లేనప్పుడు ఆసుపత్రిలో చేర్చమని మీరు దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఆపైన చేర్చుకోవాలా వద్దా అన్నది పరీక్షించిన నిపుణులు తేలుస్తారు.

జరిగినదానిపై తేదీ, సమయంతో ఎస్పీకి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి, రసీదు తీసుకోండి. ఈ చట్టాన్ని మొదటిసారి ఉల్లంఘిస్తే ఆరు నెలల దాకా జైలు, లేదా రూ.10,000 దాకా జరిమానా, లేదా రెండూ పడొచ్చు. వకీలు ఖర్చు గురించి బెంగపడకండి. మీ తమ్ముడికి ఉచిత న్యాయ సహాయం పొందే హక్కుంది. జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయ సేవాధికార సంస్థలో అడగండి.