గ్రూపులో ఒక్క మ్యాచ్ కూడా ఓడని ఇటలీ 2022 ఫుట్‌బాల్ ప్రపంచ కప్‌కు ఎందుకు వెళ్లలేకపోయింది?

ప్రశ్న: యూరో 2020 (యూరప్ దేశాల కప్) గెలిచిన జట్టు, క్వాలిఫయింగ్ గ్రూప్ 'సి'లో ఓటమే లేదు, చివరి రౌండ్ మొదలయ్యేసరికి గోల్ తేడాలో కూడా స్విట్జర్లాండ్ కంటే ముందే ఉంది. మరి ఖతర్‌కి ఎందుకు వెళ్లలేదు?

ఓడకపోవడం వేరు, గెలవడం వేరు. 8 మ్యాచ్‌ల్లో ఇటలీకి 4 గెలుపులు, 4 డ్రాలు, మొత్తం 16 పాయింట్లు. స్విట్జర్లాండ్ కూడా ఓడలేదు. 5 గెలుపులు, 3 డ్రాలతో 18 దగ్గర ఆగింది. పాయింట్లే సమానం కానప్పుడు గోల్ తేడాతో పనేముంది? యూరప్‌లో అప్పట్లో గ్రూపుకి ఒక్కరే నేరుగా వెళ్లేవారు.

చాలామంది మోసపోయింది సెప్టెంబర్ 2021 పట్టిక చూసి. ఇటలీకి 14, స్విస్‌కి 8. కానీ ఇటలీ అప్పటికే 6 ఆడేసింది, స్విస్ ఆడినవి 4. అయిదు జట్ల గ్రూపులో ప్రతి రౌండ్‌లోనూ ఒకరు ఖాళీగా ఉండాల్సిందే. అక్టోబర్‌లో ఇటలీ నేషన్స్ లీగ్ (యూరప్ జట్ల ఇంకో టోర్నీ) ఫైనల్స్ ఆడుతుంటే, స్విస్ వాళ్లు ఉత్తర ఐర్లాండ్‌ని 2-0తో, లిథువేనియాని 4-0తో కొట్టి 14కి చేరుకున్నారు. అందుకే నేను పట్టికలో ముందు ఆడిన మ్యాచ్‌ల గడి చూస్తాను, పాయింట్లు ఆ తర్వాతే.

నవంబర్ 12న రోమ్‌లో 1-1. ఇద్దరికీ 15 పాయింట్లు, ఇటలీ గోల్ తేడా +11 (13 కొట్టి 2 ఇచ్చింది), స్విస్ +9 (11 కొట్టి 2 ఇచ్చింది). ప్రపంచ కప్ క్వాలిఫయర్లలో పాయింట్లు సమానమైతే వరుస ఇది: మొత్తం గోల్ తేడా, మొత్తం కొట్టిన గోల్స్, ఆ తర్వాతే ముఖాముఖి మ్యాచ్‌ల పాయింట్లు, తేడా, గోల్స్. అదీ తేలకపోతే, రెండే జట్లు సమానంగా ఉన్నప్పుడు, ముఖాముఖిలో ప్రత్యర్థి గడ్డమీద కొట్టిన గోల్స్. ఈ ఆఖరి మెట్టు స్విస్ చేతిలో ఉంది. బాసెల్‌లో 0-0, రోమ్‌లో 1-1 కాబట్టి.

నవంబర్ 15న రెండు మ్యాచ్‌లూ ఒకేసారి మొదలయ్యాయి (మనకైతే 16వ తేదీ తెల్లవారుజామున 1:15కి, తేదీ చూసి ఒక రోజు ముందే మేలుకునేవాళ్లు, లేదా మిస్సయ్యేవాళ్లు ఎప్పుడూ ఉంటారు). లూసెర్న్‌లో స్విస్–బల్గేరియా, బెల్‌ఫాస్ట్‌లో ఉత్తర ఐర్లాండ్–ఇటలీ. రెండుచోట్లా సగం ఆటకి 0-0, అంటే అప్పటికి గ్రూపులో మొదటి స్థానం ఇటలీదే. తర్వాత లెక్క గోల్ గోల్‌కీ ఇలా మారింది:

స్విస్ 2-0 ఉన్నంతసేపు ఇటలీకి ఒక్క గోల్ చాలు, +12 కి +11. 3-0 కాగానే ఇటలీ 1-0తో గెలిచినా ఇద్దరూ 14 కొట్టి 2 ఇచ్చినవాళ్లవుతారు, తేడా అదే, గోల్స్ అవే, ముఖాముఖి అదే, చివరికి రోమ్‌లో కొట్టిన ఆ గోల్‌తో స్విస్ ముందు. వింతేమిటంటే అదే చోట ఇటలీ 2-1తో గెలిస్తే చాలు! తేడా సమానమే గానీ కొట్టిన గోల్స్ 15 అవుతాయి. 4-0 అయ్యాక 2-0 చాలదు, 3-1 కావాలి. బెల్‌ఫాస్ట్‌లో చివరికి 0-0తోనే ముగిసింది, ఈ లెక్కలేవీ అక్కరకు రాలేదు.

నెపం ఎవరి మీద వేయాలన్నది ఇంకో ప్రశ్న. ఇటలీ ఆటగాడు జోర్జిన్యో స్విస్ మీద రెండు పెనాల్టీలు పోగొట్టాడు: బాసెల్‌లో స్విస్ గోల్‌కీపర్ సోమర్ ఆపాడు, రోమ్‌లో 90వ నిమిషంలో బంతి బార్ పైనుంచి పోయింది. ఫ్లోరెన్స్‌లో బల్గేరియాతో 1-1 డ్రా అసలు తప్పు అనేవాళ్లూ ఉన్నారు. మిగతా ఫలితాలు అలాగే ఉంచి లెక్క వేసి చూడండి. బల్గేరియా మీద 2-1తో గెలిచినా ఇటలీకి 18 పాయింట్లు, +12. స్విస్‌కి 18, +13. 3-1 అయినా అన్నీ సమానమై మళ్లీ ప్రత్యర్థి గడ్డమీది ఆ గోల్ దగ్గరే ఓడిపోయేది. అదే రెండు పెనాల్టీల్లో ఏ ఒక్కటి లోపలికి వెళ్లినా ఇటలీకి 18, స్విస్‌కి 17. పోటీదారుతో ఆడే మ్యాచ్‌లో డ్రా గెలుపైతే మనకు 2 పెరగడమే కాదు, వాళ్లకి 1 తగ్గుతుంది. కాబట్టి నా ఓటు పెనాల్టీలకే.

రెండో స్థానం అంటే ప్లే-ఆఫ్. పది గ్రూపుల రెండో జట్లు, నేషన్స్ లీగ్ నుంచి ఆస్ట్రియా, చెక్: మొత్తం 12 జట్లకు 3 సీట్లు. సెమీస్, ఫైనల్ ఒక్కో మ్యాచే. 2022 మార్చి 24న పలెర్మోలో ఉత్తర మాసిడోనియా ఆటగాడు ట్రాయ్‌కోవ్‌స్కీ 90 నిమిషాలు నిండాక ఇంజ్యురీ టైమ్‌లో (90+2) కొట్టిన గోల్‌తో ఇటలీ కథ సెమీస్‌లోనే ముగిసింది.

ఒక జాగ్రత్త: ఈ వరుస యూరో క్వాలిఫయర్లకు పనికిరాదు. అక్కడ ముఖాముఖే ముందు. యూరో 2024 క్వాలిఫయర్లలో ఇటలీ, ఉక్రెయిన్ చెరో 13 పాయింట్లతో చివరి మ్యాచ్‌కి వచ్చాయి. మిలాన్‌లో అంతకుముందు 2-1తో గెలిచింది కాబట్టి లెవర్కుసెన్‌లో ఇటలీకి డ్రా సరిపోయింది, 0-0తో పని కానిచ్చింది.

2026 ప్రపంచ కప్ క్వాలిఫయర్లలో మళ్లీ గోల్ తేడాయే ముందు. 2025 నవంబర్‌లో నార్వేతో చివరి మ్యాచ్‌కి ముందు ఇటలీ 3 పాయింట్లు వెనకబడి ఉంది, గోల్ తేడా నార్వేకి +29, ఇటలీకి +12. గెలిస్తే పాయింట్లు సమానమయ్యేవి, కానీ 17 గోల్స్ దూరం పూడ్చాలంటే 9 గోల్స్ తేడాతో గెలవాలి (మనం ఒకటి కొడితే వాళ్లకి ఒకటి తగ్గుతుంది, అందుకే 17ని 2తో భాగించాలి; నెట్ రన్ రేట్ లెక్కలకు అలవాటుపడ్డ మనవాళ్లకి ఇది చాలా తేలిక). మిలాన్‌లో ఆ మ్యాచ్ 1-4తో పోయింది.