కారులో హామ్ సెట్: లైసెన్స్ నాది, కేసు బావమరిది మీద

ప్రశ్న: నాకు హామ్ రేడియో (ఔత్సాహికులు సొంతంగా నడిపే వైర్‌లెస్) లైసెన్స్ ఉంది. హుద్‌హుద్ తుపానప్పుడు విశాఖలో ఫోన్లు మూగబోతే తోటి హామ్‌లతో కలిసి రాత్రింబవళ్లు సందేశాలు అందించాను. కారులోనూ ఒక వీహెచ్‌ఎఫ్ సెట్ బిగించుకున్నాను. 2024 నవంబరులో మా బావమరిది నా కారు తీసుకుని విజయవాడ వెళ్తుంటే, టాప్ మీద ఏంటెన్నా చూసి పోలీసులు ఆపారు. వాట్సాప్‌లో నా లైసెన్స్ పంపినా వినలేదు. సెట్ స్వాధీనం చేసుకుని అతని మీద 1933 నాటి వైర్‌లెస్ చట్టం కింద కేసు కట్టారు. ఏడాదిన్నర దాటినా ఛార్జిషీటు లేదు. అతనేమో కెనడా ప్రయత్నాల్లో ఉన్నాడు, ఇంటిల్లిపాదికీ టెన్షన్. ఆ రోజు నేనూ కారులోనే ఉన్నానని అఫిడవిట్ ఇస్తే కేసు పోతుందని ఒక మిత్రుడు అంటున్నాడు. ఇవ్వవచ్చా? ఈ కేసుకు కాలదోషం పట్టినట్లేనా? - ఒక పాఠకుడు, ఏలూరు

జవాబు: ఇవ్వకూడదు. కాలదోషమూ పట్టలేదు.

తుపానులో మీరు చేసిన సేవ గురించి చాలా రాశారు. పట్టుకున్నప్పుడు సెట్ ఆన్‌లో ఉందా, ఆఫ్‌లో ఉందా అన్నది మాత్రం ఒక్క ముక్క రాయలేదు. మీ కేసు తేలేది అక్కడే.

లైసెన్స్ లేకుండా, లేదా దాని షరతులకు భిన్నంగా వైర్‌లెస్ పరికరం దగ్గర ఉంచుకోకూడదని వైర్‌లెస్ చట్టం సెక్షన్ 3 చెబుతోంది. అది ట్రాన్స్‌మిటర్ అయితే సెక్షన్ 6(1ఎ) కింద మూడేళ్ల వరకు జైలు, వెయ్యి రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. పరికరం ఎవరి అధీనంలో ఉన్నట్లు కనబడితే వారి దగ్గరే ఉన్నట్లు కోర్టు భావించవచ్చని 6(2) అంటోంది. స్టీరింగ్ ముందు కూర్చున్నది మీ బావమరిది కాబట్టి పోలీసులు అతన్ని పట్టుకున్నారు. అయితే ఈ ఊహను సాక్ష్యంతో తిప్పికొట్టవచ్చు. సెట్ మీది, లైసెన్స్ మీది, అతను కారు మాత్రమే నడిపాడు, సెట్ జోలికి పోలేదు అని చూపగలిగితే కేసు బాగా బలహీనపడుతుంది. మైకు చేతిలో ఉందనో, మాట్లాడుతూ దొరికాడనో రాసి ఉంటే కథ వేరు. లైసెన్స్ లేని మనిషికి సెట్ అప్పగించినందుకు అప్పుడు మీరూ సంజాయిషీ ఇచ్చుకోవాలి.

అందుకే మొదట కోర్టు నుంచి ఎఫ్ఐఆర్, మధ్యవర్తుల నివేదికల (పంచనామాల) సర్టిఫైడ్ కాపీలు తీయించండి. సెట్ మోడల్, సీరియల్ నంబరు, డిస్‌ప్లే వెలుగుతోందా, ఏ ఫ్రీక్వెన్సీ చూపుతోంది, మైకు ఎక్కడుంది అన్నవి నివేదికలో చూడండి. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న బీఎన్ఎస్ఎస్ (సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన కొత్త చట్టం) సెక్షన్ 105 ప్రకారం స్వాధీనం చేసుకోవడాన్ని వీడియో తీయాలి. ఆ వీడియో ఉంటే అదీ అడగండి. లేకపోతే ఆ లోపం మీకు పనికొస్తుంది.

చాలామంది హామ్‌లు సెట్ వైరును ఫ్యూజు పెట్టి నేరుగా బ్యాటరీకి కలుపుతారు. మీరూ అలాగే కలిపి ఉంటే కారు తాళం తీసినా సెట్‌కు కరెంటు అందుతూనే ఉంటుంది. ముందురోజు మీరు ఆపడం మర్చిపోయినా, మర్నాడు డిస్‌ప్లే వెలుగుతూ కనిపిస్తుంది. కాబట్టి వెలుగుతోంది అన్నంత మాత్రాన అతనే ఆన్ చేశాడని కాదు. ఆ వైరింగ్ ఇంకా కారులో ఉంటే ముట్టుకోకుండా, బ్యాటరీ దగ్గర నుంచి డ్యాష్‌బోర్డు దాకా ఈరోజే ఫోటోలు తీసి పెట్టండి.

ఇక లైసెన్స్. గడువు చూడండి. స్టేషన్ చిరునామా, వాహనంలో వాడకం గురించి అందులో ఉన్న షరతు ప్రతి అక్షరం చదవండి. చాలామంది ఆ కాగితాన్ని ఫ్రేము కట్టి గోడకు తగిలిస్తారే తప్ప చదవరు. సెట్ కొన్న బిల్లు ఉందా? హామ్‌లకు కేటాయించిన వీహెచ్‌ఎఫ్ అమెచ్యూర్ బ్యాండ్ 144 నుంచి 146 మెగాహెర్ట్జ్. దాని బయట కూడా ప్రసారం చేసేలా సెట్‌ను ఎవరితోనైనా ‘ఓపెన్’ చేయించారా? పోలీసు చానళ్లు ఏమైనా మెమరీలో ఉన్నాయా? ల్యాబ్‌కు పంపితే అన్నీ బయటపడతాయి. మీ వకీలుకు ముందే నిజం చెప్పండి. ఇలాంటివి ఆన్‌లైన్లో బొమ్మల్లా అమ్ముతున్నారు కదా అనే వాదన కూడా నిలవదు. లైసెన్స్ అక్కర్లేనివి 446.0-446.2 మెగాహెర్ట్జ్ లాంటి పరిమితుల్లో పనిచేసే తక్కువ శక్తి పరికరాలే. కారులో బిగించే వీహెచ్‌ఎఫ్ సెట్ ఆ కోవలోకి రాదు.

అఫిడవిట్ సంగతి. మీరు కారులో ఉంటే మధ్యవర్తుల నివేదికలో మీ పేరు ఎందుకు లేదు? మీరు కారులో ఉంటే లైసెన్స్ వాట్సాప్‌లో పంపాల్సిన అవసరం ఏమొచ్చింది? ఆ మెసేజీ అతని ఫోన్లోనూ, మీ ఫోన్లోనూ ఉంది. టోల్‌ప్లాజా కెమెరా, మీ మొబైల్ టవర్ లొకేషన్ సరేసరి. కోర్టులో అబద్ధపు సాక్ష్యానికి బీఎన్ఎస్ (ఐపీసీ స్థానంలో వచ్చిన చట్టం) 229 కింద ఏడేళ్ల వరకు శిక్ష పడవచ్చు. మూడేళ్లకు మించని కేసు నుంచి బావమరిదిని తప్పించబోయి ఏడేళ్ల కేసు మీ నెత్తిన పెట్టుకుంటారా? పైగా సెట్ మీదేనన్న మీ నిజమైన మాటను కూడా ఆ తర్వాత ఎవరూ నమ్మరు. ఆ మిత్రుడి సలహా అక్కడితో ఆపేయండి.

నేరం ఒప్పుకుని వెయ్యి రూపాయలు కట్టేస్తే పోలా అని కూడా ఎవరో ఒకరు అంటారు. జరిమానా చిన్నదే, కానీ అది దోష నిర్ధారణ. వీసా దరఖాస్తులో దాన్ని రాయాల్సిందే. సెట్‌ను జప్తు చేసే అధికారం కూడా 6(3) కింద కోర్టుకు వస్తుంది.

కాలదోషం విషయానికొస్తే, ఏడాదికి మించి మూడేళ్ల వరకు శిక్ష పడే నేరాలకు బీఎన్ఎస్ఎస్ 514 ప్రకారం గడువు మూడేళ్లు. ఆ లెక్కకు ఎఫ్ఐఆర్ నమోదైన తేదీనే చూడాలని అదే సెక్షన్ వివరణ చెబుతోంది. మీ కేసులో ఎఫ్ఐఆర్ ఎప్పుడో నమోదైంది కాబట్టి, ఛార్జిషీటు ఆలస్యమైనంత మాత్రాన కాలదోషం పట్టదు. గడువు దాటిన కేసుల్లో కూడా తగిన కారణం చూపితే ఆలస్యాన్ని కోర్టు మన్నించవచ్చు.

సెట్ కోసం ఛార్జిషీటు వచ్చేదాకా ఆగనక్కర్లేదు. లైసెన్స్, బిల్లు జతచేసి బీఎన్ఎస్ఎస్ 503 కింద మేజిస్ట్రేట్ కోర్టులో మీ పేరున పిటిషన్ వేయించండి. స్వాధీనం చేసుకున్న వస్తువులను స్టేషన్లలో ఏళ్ల తరబడి ఉంచవద్దని సుందర్‌భాయ్ అంబాలాల్ దేశాయ్ కేసులో సుప్రీంకోర్టు 2002లోనే చెప్పింది. పూచీకత్తు మీద ఇవ్వమని అడగండి. కేసు కొట్టివేతకు హైకోర్టులో బీఎన్ఎస్ఎస్ 528 పిటిషన్ మాత్రం మధ్యవర్తుల నివేదిక చదివాకే. అందులో సెట్ ఆఫ్‌లో ఉందని ఉంటే వెంటనే వెళ్లండి. మైకులో మాట్లాడాడని ఉంటే తొందరపడకండి, ఛార్జిషీటు, ల్యాబ్ నివేదిక వచ్చేదాకా ఆగడమే మేలు.

మీ నిర్లక్ష్యమూ ఉంది. కారు వేరేవాళ్లకు ఇచ్చేముందు మైకు పీకి, పవర్ ప్లగ్గు తీసేయడానికి ఎంతసేపు? కనీసం లైసెన్స్ జిరాక్స్ కూడా కారులో పెట్టలేదు. ఇక ముందు మీరే నడుపుతున్నా బండి ఆపాకే మైకు తీయండి. చేత్తో పట్టుకునే పరికరంతో మాట్లాడుతూ నడపడం మోటారు వాహనాల చట్టం సెక్షన్ 184 కిందకు వస్తుంది.

బావమరిదికి విచారణకు రమ్మని పోలీసుల నుంచి బీఎన్ఎస్ఎస్ 35(3) నోటీసు వస్తే తప్పకుండా హాజరవమనండి. వెళ్లేముందు వకీలును కలిసి, సెట్ గురించి ఏం చెప్పాలో కాదు, ఆ రోజు ఏం జరిగిందో ఉన్నదున్నట్లు రాసుకుని వెళ్లమనండి.